మా రక్తంలో లేని జీపు

మా ఇంట్లో నన్ను పొగిడినా, తిట్టినా మధ్యలోకి మామ రావాల్సిందే. మామ అంటే అమ్మకు అన్న, దుబ్బాకలో మగ్గం నేస్తాడు. నా ముక్కు ఆయనదేనట, నడక ఆయనదేనట, చారులో ఉప్పు తక్కువైతే వచ్చే కోపం కూడా ఆయనదేనట. "అంత మేనమామ పోలికే" అంటుంది అమ్మ. అది మురిపెమో విసుగో ఆ పూట నేను చేసిన నిర్వాకాన్ని బట్టి తెలుసుకోవాలి. నేను సిద్దిపేటలో ఒక బడిలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. ఏటా బోర్డు మీద బఠాణీ మొక్కలు గీసి, పొడుగువి ఎన్ని, పొట్టివి ఎన్ని అని పిల్లలను సతాయిస్తుంటాను. మామకూ నాకూ ముక్కూ కోపమూ కాక ఇంకో ఉమ్మడి ఆస్తి కూడా ఉందని మాత్రం ధూళిమిట్టలో ఒక పెళ్ళి భోజనం చేసేదాకా నాకు తెలియదు.

ముందు మామ సంగతి చెప్పాలి. మామకు గోలి పడదు.

"పడదు" అనే మాటకు మా వైపు పని ఎక్కువ. ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే వాళ్ళకు పడదంటాం. వంకాయ తిని ఒళ్ళు గోక్కునేవాడికి వంకాయ పడదంటాం. ఒకసారి ఆ మాట అనేశాక ఎందుకు పడదని అడిగేవాళ్ళు ఉండరు. మామ పెళ్ళికి ముందు చలిజ్వరం వస్తే ఎవరో ఇచ్చిన గోలీలు మింగాడట. జ్వరం తగ్గిందిగానీ కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. కామెర్లన్నారు. పక్క ఊరి నుంచి పసరు పోసే ఆయనను పిలిపించారు. ఉప్పూ నూనే లేని పథ్యంతో కొన్నాళ్ళకు మామ లేచి మగ్గంలో కూర్చున్నాడు. పసరాయన పేరు ఊరంతా మోగింది. మామ మాత్రం ఆ రోజు నుంచి గోలీ అన్నదాన్ని ముట్టలేదు. తలనొప్పి వస్తే తలకు తువాల బిగించి కట్టుకుంటాడు. పన్ను నొప్పికి లవంగం పెట్టుకుని రెండు చెంపలూ పట్టుకుని కూర్చుంటాడు. ఎవరైనా మెడికల్ షాపు మాట ఎత్తితే "నాకు గోలి పడది" అని ఆస్తి ఉన్నవాడు పట్టా చూపించినంత దర్జాగా చెబుతాడు. అది ఆయన చాదస్తమని అందరం నవ్వేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అక్క.

ధూళిమిట్ట పెళ్ళికి నేనూ బావా బండి మీద వెళ్ళాం. బావ అంటే అక్క మొగుడు, వాళ్ళది అక్కన్నపేట. అక్క అప్పుడు కడుపుతో ఉండి, పురుడు కోసం సిద్దిపేటలో మా ఇంట్లోనే ఉంది. పెళ్ళిలో బగారన్నం, మటన్ బ్రహ్మాండంగా ఉన్నాయి. బావామరదులం ఒకరినొకరు రెచ్చగొట్టుకుంటూ తిన్నాం. దాని ఫలితం మరునాడు పొద్దున ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం కాబట్టి పాపం అక్కకు కూడా తెలిసింది. బావ వీధి చివరి మెడికల్ షాపుకు పోయి "మోషన్ల గోలీలు" అని అడిగి ఒక షీటు తెచ్చాడు. మా దగ్గర మందులు అడిగే పద్ధతి అదే. జ్వరం గోలి, నొప్పుల గోలి, మోషన్ల గోలి. పేరుతో పని లేదు, జబ్బు పేరు చెబితే చాలు. ఒకటే షీటులోంచి ఆయన సగం, నేను సగం పంచుకున్నాం.

ఆ సాయంత్రానికే బావ లేచి పెరుగన్నం తిన్నాడు. మరుసటి రోజు అక్కన్నపేట పోయి పొలంలో మోటారు బాగు చేసుకున్నాడు. నాకూ మోషన్లు ఆగాయి. కానీ ఆ తరువాత మూత్రం ముదురు టీ డికాషన్ రంగులో వచ్చింది. నడుము లాగింది, బడిలో మెట్లెక్కితే ఆయాసం. ఒక పిల్లవాడు లేచి "సార్, మీ కండ్లు పచ్చగున్నయ్" అన్నాడు. క్లాసంతా బోర్డు వదిలి నా కళ్ళను చూడసాగింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోనులో ఉంది. మామ సాయంత్రం బస్సుకే దిగిపోయాడు. నా కింది రెప్ప లాగి చూసి, చాలా కాలంగా ఎదురుచూసిన చుట్టం కనబడ్డట్టు వెలిగిపోయాడు.

"గదే. నాకైనట్టే అయింది. గోలి మింగినవా అల్లుడా?"

"మోషన్లకు మింగిన మామా."

"నేను చెప్పలేదా? మనకు గోలి పడది. పసరాయన కొడుకున్నడు, ఆయన గుడ మంచిగనే పోస్తుండట."

అక్కకు ఒళ్ళు మండింది. పొట్ట ముందుకేసుకుని మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "పసరూ వద్దు, పథ్యమూ వద్దు. బావ గుడ గదే గోలి మింగిండు గదా, ఆయనకేం కాలె. మరి తమ్మునికెందుకైంది? గది చెప్పేటోళ్ళ దగ్గరికి పోదాం నడు." అక్క నడు అంటే నడవడమే. మామ కూడా వెంట వచ్చాడు, పసరు మీద ఆశ చావక.

డాక్టరమ్మ నా రక్తం పరీక్షలు చూసి, ఏమేం మింగావని అడిగింది. షీటు చూసింది. తరువాత నేను ఊహించని ప్రశ్న వేసింది. "మీ అమ్మవైపు మగవాళ్ళలో ఎవరికైనా మందు వేసుకున్నాక ఇలా అయిందా?"

మామ కుర్చీలోంచి లేచాడు. బడిలో టీచరు తన పేరు పిలిచినప్పుడు లేచినట్టు లేచాడు. తన కథ మొత్తం చెప్పాడు, పసరాయన గొప్పతనంతో సహా.

ఆమె ఓపికగా విని చెప్పింది. మా ఎర్ర రక్తకణాల్లో ఉండాల్సిన ఒక ఎంజైము తక్కువట. జీ సిక్స్ పీ డీ అంటారట దాన్ని. మామూలుగా తిరిగినంత కాలం ఏమీ తెలియదు. కొన్ని మందులు ఒంట్లో పడితే మాత్రం ఆ కణాలు తట్టుకోలేక చిట్లిపోతాయి, అందుకే కళ్ళు పచ్చబడతాయి. చలిజ్వరం మందుల్లో ఒక రకం, మోషన్ల మందుల్లో ఒక రకం, ఇంకా కొన్ని. మందు మానేస్తే కొత్త రక్తం పుట్టి మనిషి తనంతట తానే తేరుకుంటాడు. ఒక్కోసారి రక్తం ఎక్కించాల్సినంత మీదికి కూడా వస్తుందట. మందులో తప్పు లేదు, బావకు అది మందే. మనుషుల పుట్టుకలోనే తేడా.

"అయితే పసరాయన ఏం చెయ్యలేదా?" అన్నాడు మామ.

"ఆయన మంచి టైముకు వచ్చిండు" అంది డాక్టరమ్మ. ఆ మాట మామ ఇప్పటికీ క్షమించలేదు.

ఇది తల్లి నుంచి కొడుక్కి వస్తుందని, ఆడవాళ్ళు ఎక్కువగా తమకేమీ కాకుండానే మోస్తారని, అందుకే మేనమామకూ మేనల్లుడికీ ఒకే తంటా కనబడుతుందని ఆమె చెబుతుంటే, ఏటా బోర్డు మీద గీసే గడులన్నీ నా కళ్ళ ముందు కదిలాయి. బఠాణీల జాగాలో అమ్మా మామా నేనూ ఉన్నాం. పోలిక అంటే ముక్కేనని మేమంతా ఎంత నమ్మకంగా ఉన్నామో. ఇప్పుడు పరీక్ష చేస్తే కొత్త కణాల వల్ల లెక్క సరిగా చూపకపోవచ్చు, కొన్ని నెలలాగి మళ్ళీ చేద్దామంది. జ్వరం గోలి మామూలు మోతాదులో మాకు ఫరవాలేదంది. బీరువాల్లో వేసే డాంబర్ గోలీలకు మాత్రం దూరంగా ఉండమంది. డాంబర్ గోలి ఎవరు మింగుతారు మేడం అని నేను నవ్వాను, అక్క కూడా నవ్వింది. "మింగనవసరం లేదు. పసిపిల్లలకు ఆ వాసన పట్టిన బట్ట చాలు" అంది. అని అక్క పొట్టవైపు చూసింది. "కొడుకు పుడితే పరీక్ష చేయిద్దాం."

అక్క నవ్వు అక్కడ ఆగింది.

ఇంటికి రాగానే అక్క అమ్మను నిలదీసింది. "నాకు గుడ ఉందంటవా?" "మా అవ్వ నాకు చీరలతోని గిది గుడ ఇచ్చిపోయినట్టుంది బిడ్డా" అంది అమ్మ, మా అమ్మమ్మను తలచుకుని. ఆ రోజు నుంచి ఇంట్లో అక్క పెత్తనం మొదలైంది. మందుల డబ్బా దులిపి సగం బయట పారేసింది. బావ తలనొప్పి అంటే కూడా ఏ గోలి, ఎందుకు, ఎవరు చెప్పారు అని మూడు ప్రశ్నలు. నేను మెడికల్ షాపుకు పోతే వెనకనుంచి "పేరు చెప్పు, నోరు తెరిచి చెప్పు" అని కేక. షాపాయనకు నేను జీ సిక్స్ పీ డీ అని చెబితే మొదటిసారి ఆయన అది మందు పేరనుకుని అర మొత్తం వెతికాడు.

ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. అమ్మ "సిక్సు" అనేది. మామ దాన్ని జీపు చేసేశాడు. దుబ్బాక పోయి మగ్గాల దగ్గర అందరికీ చెప్పాడట, "మా రక్తంల జీపు లేదట. నాకు లేదు, మా అల్లునికి లేదు." విన్నవాళ్ళలో ఒకాయన మా వాళ్ళు ఏదో బండి అమ్ముకున్నారనుకుని ఓదార్చాడు. కొన్ని నెలలకు నా పరీక్ష మళ్ళీ చేస్తే జీపు లేదనే తేలింది. అక్క రోజులు దగ్గరపడ్డాయి. ఆడపిల్ల పుడితే బాగుండునని అక్క ఒక్కతే కోరుకుంటోందని నాకు తెలుసు. మిగతావాళ్ళు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కొడుకే పుట్టాడు. బొద్దుగా, నల్లని జుట్టుతో, పుట్టీపుట్టగానే చారులో ఉప్పు తక్కువైనట్టు అరుస్తూ. పరీక్షకు రక్తం తీసి హైదరాబాదుకు పంపారు. రిపోర్టు రాకముందే వాణ్ణి ఉయ్యాల తొట్టెలో వేసే రోజు వచ్చింది.

మా వాళ్ళలో పసివాణ్ణి కొత్త బట్టలో పడుకోబెట్టరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ పాత చీర ఉండాలి. ఆ చీర తెచ్చేది తల్లికి మేనమామ ఇల్లు. మామ తెల్లని నూలు చీర మూట కట్టుకుని తెచ్చాడు, ఎర్ర అంచుది. అది మా అమ్మమ్మ చీర. మామ మగ్గం నేర్చుకున్నాక సొంతంగా నేసిన మొదటి చీర అదే. అమ్మమ్మ పోయినప్పటి నుంచి పెట్టెలో దాచి, ఈ రోజు కోసమే ఉంచానని చెబుతూ నా చేతిలో పెట్టాడు. నేను మడత విప్పాను. లోపలి నుంచి ఒక డాంబర్ గోలి జారి, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి బావ కాలి దగ్గర ఆగింది. శనగ గింజంత మిగిలింది. మిగతాదంతా ఏళ్ళ తరబడి కరిగి ఆ చీరలోనే ఉంది. వాసన గుప్పుమంది.

అక్క పిల్లవాణ్ణి ఎత్తుకుని గుమ్మం బయటికి వెళ్ళిపోయింది. వచ్చిన ఆడవాళ్ళంతా పాడుతున్న జోలపాట ఆపేశారు.

"ఏమైంది?" అన్నాడు మామ. "పురుగు పట్టొద్దని ఏటేటా కొత్తయి ఏస్తున్న."

నేను చీరను మళ్ళీ మడిచేశాను. "మామా, గీ చీర పోరనికి పడది."

మామ ముఖం నేనెప్పుడూ చూడనట్టు మారిపోయింది. "మా అవ్వ చీర పడదంటవా అల్లుడా?"

"చీర పడదంటలేను మామా. గోలి పడదంటున్న."

మామ వంగి బావ కాలి దగ్గరి గింజను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "గిది గుడ గోలేనా?"

"గోలే."

ఆయన బాధపడి బస్సెక్కి వెళ్ళిపోతాడనే అనుకున్నాను, నిజంగా భయపడ్డాను. మామ తల పైకెత్తి అందరినీ ఒకసారి చూశాడు. "నేను మొదటికెల్లి చెప్తలేనా, మనకు గోలి పడదని? ఒక్కలన్న ఇన్నరా?" అన్నాడు. గెలిచింది తనే అన్నట్టు. ఆ గింజను తీసుకుపోయి ఇంటి బయట కాలువలో పడేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. భుజం మీది తువాల తీసి వాసన చూసుకున్నాడు. తన మగ్గం మీద నేసిందే, రోజూ ఉతికి ఎండలో ఆరేసేదే. దాన్ని తొట్టెలో పరిచి అక్కను లోపలికి పిలిచాడు. పాట మళ్ళీ మొదలైంది. పిల్లవాడు ఆ తువాల మీద పడుకుని వెంటనే దాన్ని తడిపాడు. మామ కంటే సంతోషించిన మనిషి ఆ గదిలో లేడు.

అమ్మమ్మ చీరను ఎన్నో రోజులు ఉతికి, మిద్దె మీద ఎండలో ఆరేశాం. వాసన పోయాక అమ్మ కట్టుకుంది.

రిపోర్టు ఆ తరువాత వచ్చింది. జీపు లేదు. డాక్టరమ్మ భయపడాల్సింది లేదని, జాగ్రత్త తెలిస్తే వీడు అందరిలాగే పెరుగుతాడని మళ్ళీ మళ్ళీ చెప్పింది. మా అక్క తలూపింది. ఇంటికి వచ్చి స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చింది. అది విని అమ్మ వంటింట్లో ఏడ్చింది. ఒకరికి వినబడకుండా ఒకరు ఏడుస్తున్నామని ఇద్దరూ అనుకున్నారు. మధ్యలో నేను, ఇద్దరి ఏడుపూ వింటూ, పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది, ఏ తప్పూ లేకపోయినా.

నెలన్నర టీకా వేయించిన రోజు వాడికి జ్వరం వచ్చింది. టీకాకు రావడం మామూలే. ఫోను చేస్తే డాక్టరమ్మ వాడి బరువు అడిగి, జ్వరం చుక్కలు ఎంత వేయాలో చెప్పింది, ఆ మందు వీడికి ఏమీ చేయదని కూడా చెప్పింది. అక్క డ్రాపర్లో మందు నింపి వాడి పెదాల దాకా తెచ్చి ఆగిపోయింది. వాడు ఎర్రగా కందిపోయి ఏడుస్తున్నాడు. నేను చెప్పాను, అమ్మ చెప్పింది, ఫోనులో బావ చెప్పాడు.

"డాక్టరమ్మ చెప్పింది గదా అక్కా."

"తెలుసురా. నా చెయ్యి పోతలేదు. పడకపోతే?"

ఆ రోజు మామ ఇంట్లోనే ఉన్నాడు, పిల్లవాడికి టీకా అని వచ్చాడు. ఇంతసేపు గోడకు ఆనుకుని చూస్తున్నవాడు ముందుకొచ్చి "పెద్దోళ్ళ జ్వరం గోలి ఉన్నదా ఇంట్ల?" అని అడిగాడు. అమ్మ అనుమానంగా ఒకటి తెచ్చి ఇచ్చింది. మామ దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని శత్రువును చూసినట్టు చూశాడు. "నాకు గుడ జీపు లేదు, వీనికి గుడ లేదు. ఇద్దరిదీ ఒక్కటే రక్తం. నాకేమన్న అయితే వీనికెయ్యకు" అని నోట్లో వేసుకున్నాడు.

ఇదేం శాస్త్రం కాదు. నా విద్యార్థి ఎవడైనా పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తాను. డాక్టరమ్మ చూస్తే మామను బయట నిలబెట్టేది. కానీ పెళ్ళి కాకముందు మానేసిన మనిషి, ముసలితనంలో, జ్వరమే లేకుండా గోలి వేసుకున్నాడు. మింగడం ఎట్లాగో కూడా మరిచిపోయాడు. కరకరమని నమిలాడు. ముఖమంతా ముడతలు పడి, కళ్ళలో నీళ్ళొచ్చి, చెంబు నీళ్ళు తాగి, "గింత చేదా. గిందుకా జనం దుకాణాల ముంగట నిలబడేది" అన్నాడు.

అక్కకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే చెయ్యి కదిలింది. చుక్కలు వాడి నోట్లో పడ్డాయి.

మరునాడు పొద్దున నేను వాకిట్లో పళ్ళు తోముకుంటుంటే మామ ఎదురుగా వచ్చి నిలబడి రెండు కింది రెప్పలూ వేళ్ళతో లాగి పట్టుకున్నాడు. "చూడు అల్లుడా, పచ్చగున్నయా?"

"తెల్లగనే ఉన్నయ్ మామా."

"మంచిగ చూడు."

అక్క పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. జ్వరం తగ్గింది, ఒళ్ళు చల్లగా ఉంది. మామ తన రెప్పలు వదిలి వాడి ముఖాన్ని ఎండవైపు తిప్పి చూశాడు. నేనూ వంగి చూశాను. వాడు మా ఇద్దరినీ చూసి, ముక్కు ముడిచి, చారులో ఉప్పు తక్కువైన కేక ఒకటి పెట్టాడు. కళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి.

"అంత మేనమామ పోలికే" అంది అమ్మ వెనకనుంచి. అది మురిపెమా విసుగా అని ఈసారి నేను తిరిగి చూడాల్సి వచ్చింది. అమ్మమ్మ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.